పడుకోవడమా, పెట్టడమా?

జ్వరంతో రెండు రోజులు మంచాన పడివున్న కుర్రవాడొకడు సెలవు చీటీలో ‘ఐ లైడ్ ఇన్ బెడ్’ అని రాశాడు. మేష్టారు చదివి, “అయితే మంచంలో పడుకుని అబద్ధాలాడావన్నమాట!” అన్నారు. క్లాసంతా గొల్లున నవ్వింది. పాపం, జ్వరం నిజమే. ఒక్క క్రియ వాణ్ణి అబద్ధాలకోరును చేసింది.

ఇంగ్లీషులో ‘లై’లు రెండు. అబద్ధమాడే ‘లై’కి భూతకాలం ‘లైడ్’. పడుకునే ‘లై’కి భూతకాలం ‘లే’. ముందు ‘హావ్’ చేరితే ‘లెయిన్’. కనుక కుర్రవాడు రాయవలసింది ‘ఐ లే ఇన్ బెడ్’ అని.

చిక్కంతా ఇక్కడే ఉంది. ‘లే’ అని వేరే క్రియ కూడా ఒకటుంది. దాని అర్థం పెట్టడం. కోడి గుడ్డు పెట్టినా, మంత్రిగారు పునాదిరాయి వేసినా ఈ ‘లే’యే. దీని భూతకాలం ‘లెయిడ్’.

గుర్తుంచుకోవడానికి మన తెలుగే సాయం. తనంతట తాను చేస్తే లేవడం, ఇంకొకరిని చేయిస్తే లేపడం. ఇంగ్లీషులో అవే ‘రైజ్’, ‘రెయిజ్’. అలాగే ‘లై’ అంటే పడుకోవడం, ‘లే’ అంటే పడుకోబెట్టడం. వర్తమానకాలంలో రాసేటప్పుడు ‘దేన్ని?’ అని ప్రశ్న వేసుకోండి. జవాబు వస్తే ‘లే’, రాకపోతే ‘లై’.

ఒక్క హెచ్చరిక. రేపు పొద్దున మీరు “ఒరే, లే!” అంటే, మీవాడు “లే అంటే పడుకున్నాడనే కదమ్మా అర్థం!” అని మళ్ళీ ముసుగు తన్నవచ్చు. దానికి మా పూచీ లేదు.