వెండితెర నవల సినిమా మాట వినాలా?

సినిమా చూసొచ్చాక అదే కథను పుస్తకంగా చదివారా ఎప్పుడైనా? మన దగ్గర వాటికి ‘వెండితెర నవలలు’ అని పేరు. చదువుతున్నంతసేపూ మనం చేసే పని ఒక్కటే. “ఈ మాట సినిమాలో లేదే! ఆ సీను ఏమైనట్టు?” అంటూ, పక్కింటికి ఇచ్చిన గిన్నె తిరిగొచ్చాక సొట్టలు వెతికినట్టు వెతకడం!

‘ఇ.టి.’ సంగతి చూడండి. 1982లో స్పీల్‌బర్గ్ తీసిన సినిమా. వేరే లోకం నుంచి వచ్చి దారి తప్పిన పొట్టి జీవిని ఇలియట్ అనే పిల్లాడు తమ ఇంట్లో దాస్తాడు. పిల్లలతో కూర్చుని మీరూ చూసే ఉంటారు. స్క్రిప్టు రాసింది మెలిస్సా మాథిసన్ అనే ఆవిడ. ఆ ఏడాదే విలియం కాట్జ్‌వింకిల్ దాన్ని నవలగా రాశారు.

రెంటికీ చిన్న తేడా ఒకటుంది. సినిమాలో ఇలియట్ ఆ జీవికి ‘రీసెస్ పీసెస్’ అనే తీపి బిళ్ళలు ఆశపెట్టి ఇంట్లోకి రప్పిస్తాడు. నవలలో అవి ‘ఎం అండ్ ఎం’లు. ముందు అనుకున్నవి అవే, కానీ ఆ కంపెనీ ఒప్పుకోలేదు. సినిమా విడుదలయ్యేసరికి పుస్తకం కొట్లోకి రావాలి కదా! అందుకని ఇలాంటివి రాసేవాళ్ళ చేతిలో సాధారణంగా స్క్రిప్టే ఉంటుంది, పూర్తయిన సినిమా ఉండదు. చివర్లో జరిగిన మార్పులు వాళ్ళకు అందవు. దీన్ని తప్పని ఎలా అంటాం?

పెద్ద తేడా ఆ పిల్లల తల్లి మేరీ దగ్గరుంది. భర్త ఇంకొకామెతో మెక్సికో వెళ్ళిపోయాడు. ముగ్గురు పిల్లలు, ఉద్యోగం, ఇల్లు, అన్నీ ఆవిడ నెత్తినే. సినిమా పిల్లల కళ్ళతో నడుస్తుంది గనక ఆవిడ మనసులోకి ఎక్కువగా వెళ్ళదు. బజారు సామాన్లు సర్దుకుంటూ ఫ్రిజ్ తలుపు తీస్తే, అది తగిలి ఇ.టి. కింద పడతాడు. ఆవిడ చూడనే చూడదు! హాల్లో మనమంతా నవ్వేస్తాం. పని హడావుడిలో ఉన్న మనిషికి పక్కనున్నది కనిపించకపోవడం మనకు తెలియనిదా?

నవల ఆ తల్లిని ఆపి పలకరిస్తుంది. ఆవిడ ఒంటరితనం, పిల్లల గురించిన బెంగ, అన్నీ చెబుతుంది. అంతటితో ఆగక, ఇ.టి. ఆవిడ మీద మనసు పడ్డాడని కూడా రాసేసింది! ఇదెక్కడి చోద్యమంటారా? నాకూ ఆ ముక్క అతకలేదు. సినిమాకు ప్రాణం పిల్లాడి స్నేహం. ఇక్కడ మాత్రం నవల తన దారి తాను చూసుకుంది.

కానీ ఆవిడ ఒంటరితనం కల్పించి చేర్చింది కాదు. భోజనాల బల్ల దగ్గర తండ్రి ఊసెత్తగానే వాడిపోయిన ఆవిడ ముఖంలో అది సినిమాలోనే ఉంది. నవల ఆ ముఖం వెనకాల ఉన్నది చెప్పింది, అంతే. సీన్లు లెక్కపెడితే ఇది తేడా. మనుషుల్ని చూస్తే మాత్రం నమ్మకంగా చేసిన పనే.

అందుకని ఈసారి వెండితెర నవల చేతికొస్తే ఏ సీను పోయిందని చూడకండి. సినిమాలో వంటింట్లోనే ఉండిపోయిన మనిషికి ఇందులో నాలుగు మాటలైనా దక్కాయా అని చూడండి. ఏమంటారు?