బ్యాంకుకు బాండ్లు, కార్మికుడికి ఫారం



మన ఊరి శివారులోని ఒక నూలు మిల్లు గేటుకు ఈమధ్య రెండు కాగితాలు అంటించారు. ఒకటి ఇంగ్లీషులో, ఒకటి మరాఠీలో. మొదటి పాళికి వచ్చిన వాళ్ళు వాటి ముందు గుంపుగా నిలబడ్డారు. రింగు ఫ్రేము ఖాతాలో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేస్తున్న ఒక అక్క ఆ కాగితాన్ని ఫోనులో ఫోటో తీసుకుని సాయంత్రం యూనియన్ ఆఫీసుకు వచ్చింది.

"అన్నా, గీ కాగితంల ఏం రాసిండ్రు? మిల్లు బందైనట్టేనా? మా నాల్గు నెలల పగారు సంగతేంది?"

మిల్లు ఇంకా బంద్ కాలేదక్కా, దివాలా కేసు పడ్డది అని చెప్పాం. మిల్లు నుండి బాకీ రావలసిన వాళ్ళందరూ ఫలానా తేదీలోగా రుజువులతో క్లెయిము పెట్టుకోవాలని ఆ కాగితంలో ఉంది. బాకీ రావలసిన వాళ్ళంటే బ్యాంకు ఉంది, దూది వ్యాపారి ఉన్నాడు, కరెంటు కంపెనీ ఉంది, మనమూ ఉన్నాం. కాని అందరం ఒక వరుసలో లేము. ఆ వరుసను ఎవరు గీశారు, అందులో మన చోటు ఎక్కడ అన్నదే ఈ నెల రాయదలిచాం.

2016లో వచ్చిన దివాలా చట్టం ప్రకారం మిల్లు భవిష్యత్తు తేల్చేది అప్పిచ్చిన వాళ్ళ కమిటీ. అందులో కూర్చునేది బ్యాంకులు, ఫైనాన్సు సంస్థలు. కార్మికుడిని ఆ చట్టం 'ఆపరేషనల్ క్రెడిటర్' అంటుంది. అంటే దూది అమ్మిన షావుకారు, బేళ్ళు మోసిన లారీ యజమాని ఎక్కడ నిలబడతారో మనమూ అక్కడే. ఇలాంటి వాళ్ళందరి బకాయిలూ కలిపి మొత్తం అప్పులో 10 శాతానికి తగ్గకుండా ఉంటే ఒక ప్రతినిధి ఆ కమిటీ సమావేశానికి వెళ్ళవచ్చు. కూర్చోవచ్చు, వినవచ్చు, ఓటు మాత్రం లేదు. ముప్పై ఏళ్ళు మిల్లులో దూది పీల్చిన మనిషికి ఓటు లేదు. ఆ మిల్లు లోపలికి ఒక్కనాడూ తొంగిచూడని బ్యాంకు అధికారికి ఉంది.

కొనేవాడు దొరక్క మిల్లును ముక్కలుగా అమ్మవలసి వస్తే ఆ సొమ్ములో ముందు దివాలా ప్రక్రియ ఖర్చులు పోతాయి. ఆ తరువాత కార్మికుల బకాయిలు, తనఖా వదులుకున్న బ్యాంకుల అప్పులు సమానంగా నిలుస్తాయి. వినడానికి బాగానే ఉంది. కాని కార్మికుడికి ఆ చోటు చివరి 24 నెలల బకాయిల వరకే. అంతకు ముందువి అట్టడుగుకు జారిపోతాయి. ఒకవేళ బ్యాంకు తనఖా వదులుకోకుండా ఆస్తిని తానే అమ్ముకుంటే ఆ సొమ్ము ముందు బ్యాంకుకే.

మన పరిశ్రమలోదే ఒక పెద్ద కేసు చూద్దాం. 2017 జూన్‌లో రిజర్వు బ్యాంకు 12 పెద్ద మొండి బాకీదారులను ఏరి దివాలా కోర్టుకు పంపించింది. అందులో ఆలోక్ ఇండస్ట్రీస్ అనే బట్టల కంపెనీ ఉంది. దానికి అప్పిచ్చిన వాళ్ళ క్లెయిములు సుమారు 29,500 కోట్ల రూపాయలు. చివరికి వాళ్ళకు దక్కింది సుమారు 5,050 కోట్లు. నూటికి 17 వచ్చాయి, 83 పోయాయి. ఈ పోవడాన్ని వాళ్ళ భాషలో 'హేర్‌కట్' అంటారు. నూటికి 83 పోతే అది హేర్‌కట్ కాదు, గుండు. ఎవరికి కొట్టారన్నదే ప్రశ్న.

ఆ కంపెనీని తీసుకుంటామని ముందుకొచ్చింది రిలయన్స్, దానితో కలిసిన ఒక ఫైనాన్సు సంస్థ. 2018 ఏప్రిల్‌లో బ్యాంకులు ఓటు వేస్తే సుమారు 70 శాతం వచ్చింది. అప్పటి చట్టం ప్రకారం 75 శాతం కావాలి, కాబట్టి పథకం ఓడిపోయింది. జూన్ నెలలో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి 75ను 66కు దించింది. మళ్ళీ ఓటు వేశారు, నెగ్గింది. 2019 మార్చిలో ట్రిబ్యునల్ ఆమోదించింది. ఆ సవరణ అన్ని కంపెనీలకూ వర్తించేదేనని మాకు తెలుసు. అయితే అవసరం వచ్చినప్పుడు చట్టాన్ని రెండు నెలల్లో మార్చగలరని కూడా తెలిసింది. మన 24 నెలల గీతను మార్చమంటే అది అంత సులభం కాదంటారు.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఆ మిల్లులు తుక్కు కింద అమ్ముడుపోలేదు, యంత్రాలు మళ్ళీ తిరిగాయి. భోంగా ఆగిపోయిన ఊళ్ళో బతికిన మనకు దాని విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. అప్పు తగ్గించి మిల్లు నడపడం తప్పని మేము అనం. నష్టాన్ని ఎవరి నెత్తిన పెడుతున్నారన్నదే మా తగువు.

2018 మార్చి నాటికి ప్రభుత్వ బ్యాంకుల మొండి బాకీలు దాదాపు 9 లక్షల కోట్ల రూపాయలకు చేరాయి. బ్యాంకులు కుంటుపడ్డాయి. 2016-17 నుండి 2020-21 వరకు ఐదేళ్ళలో కేంద్ర ప్రభుత్వం వాటిలో పోసిన మూలధనం సుమారు 3 లక్షల 11 వేల కోట్లు. అందులో 2 లక్షల 76 వేల కోట్లు బాండ్ల రూపంలో ఇచ్చింది. ఇది కొంచెం గమ్మత్తయిన వ్యవహారం. ప్రభుత్వం బ్యాంకుకు బాండు అమ్మి డబ్బు తీసుకుంటుంది. ఆ డబ్బుతోనే అదే బ్యాంకు వాటాలు కొంటుంది. నోట్ల కట్ట ఎక్కడా కదలదు, కాగితాలు కదులుతాయి. కాని ఆ బాండ్ల మీద వడ్డీ ఏటా బడ్జెటులోంచి కట్టాలి. బడ్జెటులోకి డబ్బు మనం కొనే సబ్బుబిళ్ళ మీద, చెప్పుల జత మీద వేసే పన్నులోంచి కూడా వస్తుంది. కనుక గుండు ఎవరికి కొట్టారో తెలిసిపోయింది.

అలాగని ప్రభుత్వ బ్యాంకులను మునగనివ్వండి అనేవాళ్ళం కాదు మేము. 1969లో 14 బ్యాంకులు జాతీయం కాకముందు కార్మికుడికి బ్యాంకు మెట్లు ఎక్కే ధైర్యమే ఉండేది కాదని మన పెద్దలు చెప్పేవారు. మన ఫండు డబ్బు, ఆడపిల్ల పెళ్ళికి దాచిన డబ్బు వాటిలోనే ఉన్నాయి. కౌంటరు వెనుక కూర్చున్న గుమాస్తా మీద కేకలు వేస్తే ఒరిగేదీ ఏమీ లేదు, ఆయనా యూనియన్ మనిషే. బ్యాంకును నిలబెట్టినప్పుడు, అప్పు మింగిన పెద్దమనుషులనూ అప్పు మంజూరు చేసిన పెద్దమనుషులనూ కూడా లెక్క అడగాలి. రైటాఫ్ అంటే మాఫీ కాదు, వసూలు చేస్తూనే ఉంటాం అని ప్రభుత్వం చెబుతూ ఉంటుంది. ఖాతా పుస్తకం వరకు అది నిజమే. హేర్‌కట్‌లో పోయింది మాత్రం పోయినట్టే.

ఈ జబ్బు ఒక్క మన దేశంలోనిది కాదు. 2008 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వ రిజర్వు బ్యాంకు ఏఐజీ అనే బీమా కంపెనీని ఆదుకోవడానికి 8,500 కోట్ల డాలర్లు అప్పిచ్చింది. తరువాతి నెలలో అక్కడి ప్రభుత్వం బ్యాంకుల కోసం 70,000 కోట్ల డాలర్ల పథకం తెచ్చింది. 2009 మార్చిలో ఆ బీమా కంపెనీ తన ఉద్యోగులకు 16.5 కోట్ల డాలర్ల బోనసు పంచుతోందని బయటపడి అక్కడి జనం మండిపడ్డారు. 2011లో న్యూయార్కు వీధుల్లో కుర్రవాళ్ళు డేరాలు వేసుకుని కూర్చున్నారు. మనకు దీపావళి బోనసు అడిగితే మిల్లు నష్టాల్లో ఉందంటారు!

ఇక చిన్నవాడి సంగతి. మనవాడు ఒక తమ్ముడు ఇల్లు తనఖా పెట్టి నాలుగు సాంచాలు పెట్టుకున్నాడు. నూలు ధర పెరిగి, టవళ్ళ ఆర్డరు తగ్గి మూడు కంతులు తప్పాయి. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు వచ్చింది. ఆ తరువాత ఇంటి తలుపు మీదే కాగితం అంటించారు, వీధి అంతా చదివేలా. అతని కోసం కమిటీ కూర్చోలేదు. నూటికి 17 కట్టు, చాలు అని ఎవరూ అనలేదు. భార్య పుస్తెలతాడు కుదువ పెట్టి కంతులు కట్టాడు.

డబ్బు దాచుకున్న వాళ్ళకూ వరుసలున్నాయి. 2019 సెప్టెంబరులో ముంబైలో పీఎంసీ సహకార బ్యాంకు మీద ఆంక్షలు పడ్డాయి. మొదట ఆరు నెలలకు కలిపి తీసుకోగలిగింది 1,000 రూపాయలే. జనం గోల చేస్తే తరువాత పెంచుతూ పోయారు. ఆ బ్యాంకు ఇచ్చిన అప్పుల్లో ఎక్కువ భాగం ఒకే భవన నిర్మాణ సంస్థకు పోయింది. దాచుకున్న వాళ్ళు రెండేళ్ళకు పైగా తిరిగారు. 2022 జనవరిలో దాన్ని మరో బ్యాంకులో కలిపినప్పుడు 5 లక్షలకు మించి దాచుకున్న వాళ్ళకు మిగతా సొమ్ము పదేళ్ళ దాకా విడతలుగా ఇస్తామన్నారు. 2020 మార్చిలో ఎస్ బ్యాంకు తడబడితే స్టేట్ బ్యాంకు, మరికొన్ని బ్యాంకులు డబ్బు పోసి రెండు వారాలు తిరక్కుండానే తలుపులు తెరిపించాయి. పెద్ద బ్యాంకు పడితే దాని కింద చాలామంది నలుగుతారని దీనికి జవాబు చెబుతారు. అది నిజమే. పెద్దగా పడగలవాడికే పట్టు దొరుకుతుందని మాకు అర్థమవుతున్నది.

యువ కార్మికులకు తెలియకపోవచ్చు, మన షోలాపూరులో ఇది పాత కథే. మనవాళ్ళు జూనీ మిల్లు అని పిలిచే షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లును 1949 ఆగస్టులో యాజమాన్యం మూసేసింది. మన తాతలు వీధిన పడ్డారు. నిర్వాకం బాగాలేక మిల్లు మూతపడిందని, నిరుద్యోగం పెరిగిందని చెప్పి కేంద్ర ప్రభుత్వం 1950 జనవరిలో ఆర్డినెన్సు తెచ్చి మిల్లును చేతిలోకి తీసుకుంది. ఒక వాటాదారు సుప్రీంకోర్టుకు వెళ్ళి ఆ ఏడాది డిసెంబరులో ఓడిపోయాడు. మరో వాటాదారు, వాటాల మీద ఇంకా కట్టవలసిన సొమ్ము కట్టమన్నందుకు కేసు వేసి 1953 డిసెంబరులో గెలిచాడు. పరిహారం లేకుండా ఆస్తి హక్కు తీసుకున్నట్టయిందని కోర్టు తీర్పు. రాజ్యాంగం అమలులోకి వచ్చిన ఏడాదే మన ఊరి మిల్లు ఢిల్లీ కోర్టు ఎక్కింది. కాని రెండు కేసులూ వాటాదారు హక్కు గురించే. పని పోయిన కార్మికుడు అందులో కక్షిదారు కాడు.

మిల్లును లిక్విడేషనుకు పెట్టేటప్పుడు కార్మికుడి మాట కూడా వినాలని సుప్రీంకోర్టు చెప్పడానికి 1982 డిసెంబరు రావలసి వచ్చింది. అది మన పరిశ్రమ సంఘమే, నేషనల్ టెక్స్‌టైల్ వర్కర్స్ యూనియన్, వేసిన కేసు. 1985లో కంపెనీల చట్టం సవరించి కార్మికుల బకాయిలను తనఖా ఉన్న బ్యాంకు అప్పుతో సమానం చేశారు. అప్పుడు 24 నెలల గీత లేదు. 2016లో గీశారు. దాని మీద ఒక కార్మిక సంఘం పోరాడితే 2023 మేలో సుప్రీంకోర్టు గీతను అలాగే ఉంచింది. అంటే ముప్పై ఏళ్ళలో మనం ముందుకు వెళ్ళి, మళ్ళీ కొంత వెనక్కి వచ్చాం.

మేము కుర్రతనంలో బదిలీగా చేరిన మిల్లు కూడా మూతపడింది. పేరు రాయం. లెక్కలు తేలడానికి పదమూడేళ్ళు పట్టింది. మాకు పని నేర్పిన జాబరు మామ అప్పటికి లేడు. చెక్కు తీసుకోవడానికి అత్త వచ్చింది. నలభై ఏళ్ళు బీడీలు చుట్టి వేళ్ళ గీతలు అరిగిపోయాయి, వేలిముద్ర సరిగా పడలేదని రెండుసార్లు తిప్పి పంపారు. మామ పగారు చీటీలన్నీ ఆమె బియ్యం డబ్బా అడుగున దాచింది కాబట్టి అదైనా వచ్చింది. చీటీలు పారేసుకున్న వాళ్ళకు రాలేదు.

అందుకే గేటు మీది కాగితాన్ని తేలికగా తీసుకోవద్దు. కాన్పూరు జనపనార మిల్లు కార్మికుల కేసులో 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒక మంచి తీర్పు ఇచ్చింది. కార్మికుల బకాయిల కోసం వాళ్ళ సంఘమే దివాలా కోర్టుకు వెళ్ళవచ్చునని, ఒక్కొక్కరూ విడిగా ఖర్చు పెట్టుకుని తిరగనక్కరలేదని. క్లెయిముకు కూడా ఎవరికి వాళ్ళు ఇచ్చే ఫారం 'డి' ఉంది, అందరి తరఫున ప్రతినిధి ఇచ్చే ఫారం 'ఇ' ఉంది. మనం 'ఇ' ఇస్తాం. పగారు బాకీ, బోనసు, సెలవుల డబ్బు అన్నీ పేరు పేరునా రాయాలి. ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ, పెన్షను నిధులను అమ్మకం సొమ్ములో కలపరాదని చట్టంలో ఉంది. అయితే యాజమాన్యం గ్రాట్యుటీకి విడిగా నిధి పెట్టకపోతే అక్కడ తగువు వస్తుంది, కనుక అదీ వేరుగా చూపించాలి. ఫండు కోసి ఆఫీసులో కట్టారో లేదో ఇప్పుడే చూసుకోవాలి.

సంఘం తరఫున అడుగుతున్నవి పార్లమెంటు సభ్యుడికి రాసి ఇస్తున్నాం. 24 నెలల గీత ఎత్తెయ్యాలి. అప్పిచ్చిన వాళ్ళ కమిటీలో కార్మికుల ప్రతినిధికి ఓటు ఇవ్వాలి. బ్యాంకుకు ప్రభుత్వ సొమ్ము పోసిన ప్రతిసారీ ఎగ్గొట్టిన వాళ్ళ పేర్లు, మొత్తాలు బయట పెట్టాలి. గేటు మీది కాగితం అక్కడ పనిచేసే వాళ్ళు చదవగల భాషలో ఉండాలి. ఈ ఊళ్ళో అది తెలుగు కూడా.

వచ్చే రెండు ఆదివారాలు ఉదయం 8 గంటల నుండి ఆఫీసు తెరిచి ఉంటుంది. ఆ మిల్లు కార్మికులు, ఇదివరకే మానేసి లెక్క తేలనివాళ్ళు కూడా రావాలి. వచ్చేటప్పుడు పగారు చీటీలు, హాజరు కార్డు, ఫండు నంబరు, బ్యాంకు పాసుపుస్తకం తెచ్చుకోండి. చీటీలు లేనివాళ్ళు పాసుపుస్తకంలో పగారు పడిన పేజీలు జిరాక్సు తీయించుకుని తెండి. చనిపోయిన వాళ్ళ ఇంటివాళ్ళకు ఈ కబురు మీరే చేర్చాలి, వాళ్ళకు ఈ పత్రిక అందదు.