పాత కెమేరా, మెడలో గొలుసు

సోదరీమణులారా, మా ఘంటసాల ప్రాంతమున పెండ్లిండ్లకు ఛాయాచిత్రములు తీయువారి యిండ్ల నొక చింత ప్రవేశించినది. 1959లో నికాన్ వా రేర్పరచిన ‘ఎఫ్’ బిగింపు కటకములను నమ్ముకొన్న కుటుంబములవి. 2018లో ఆ సంస్థయే లోపల అద్దములేని ‘జెడ్’ కెమేరాల నారంభించెను. 2020 నాటి డి6 తరువాత పెద్దతరగతి అద్దపుకెమేరా మఱి వెలువడలేదు. పాతది మూలబడునేమో యని భర్త గొలుసు తాకట్టు కడిగిన నేమనవలెను?

నడుమ ఎఫ్‌టీజెడ్ అను కడియము బిగించిన, పాత కటకములు పెక్కు క్రొత్తదానిపై పనిచేయును. ఏఎఫ్-ఎస్ అని వ్రాసియున్న వానిలో మోటారుండును. అది లేనివానిని చేతితో త్రిప్పి గుఱి కుదుర్చుకొనవలయును. తలంబ్రాలవేళ నది యెంత కష్టమో! కావున కటకముల నొక్కొక్కటిగా చూపించుకొనుడు. షట్టరు మార్చువారు విజయవాడలో నున్నారేమో విచారింపుడు. గొలుసు మాట పిమ్మట.