కెనడా గోధుమల తగవు

మండీ తరుగులు, దళారి మాటలు ఎరిగిన మన పాఠకులకు ఈ తగవు కొత్తగా తోచదు. కెనడా పడమటి మైదానాల రైతులు 1943 నుంచి గోధుమలను ఎగుమతికైనా, పిండిమరకైనా ప్రభుత్వ గోధుమ బోర్డు ద్వారానే అమ్మవలసి వచ్చింది. బోర్డు ముందుగా కొంత సొమ్మిచ్చి, అమ్మకాలు ముగిశాక మిగిలినది పంచేది. ముందు తోలినవారికీ, ఆగి తోలినవారికీ ఒక రకానికి ఒకటే సగటు ధర. కొందరికిది ధీమా, కొందరికి సంకెల. అనుమతి లేకుండా ధాన్యాన్ని అమెరికాకు తోలిన పదముగ్గురు, జరిమానా కట్టమని 2002లో జైలుకే పోయారు!

2011లో బోర్డు జరిపిన వోటింగులో గోధుమ రైతుల వోట్లు నూటికి 62 బోర్డువైపే పడ్డాయి. ప్రభుత్వం తానుగా వోటు పెట్టలేదు; 2012 ఆగస్టు 1న బోర్డు గుత్తహక్కు తీసివేసింది. స్వేచ్ఛ కోరినవారిని మేము తప్పుపట్టము. రైతులను అడగకపోవడమే మాకు మింగుడు పడలేదు.