రెండో లెవెల్‌లో ఆగిపోయిన హనుమంతుడు

ఈ వారం వచ్చిన వుత్తరాల్లో ముప్పావు వంతు మామూలువే. ఫలానా హీరో పక్కన ఫలానా హీరోయిన్ ఎందుకు లేదు, ఫలానా పాటలో కట్టిన చీర ఎక్కడ దొరుకుతుంది... వాటి సంగతి వచ్చేవారం చూద్దాం. ఆలంపూర్ నుంచి వొక తమ్ముడు రాసిన వుత్తరం మాత్రం నన్ను పట్టుకుని వదల్లేదు సుమండీ!

"అన్నా, మా ఇంట్ల పాత పీఎస్2 ఉంది. మా పెద్దన్న పుణె పనికి పోయేటప్పుడు నాకిచ్చిండు. దాంట్ల హనుమాన్ గేమ్ డిస్కు రెండో లెవెల్ల ఆగిపోతుంది. కర్నూలు పోయి షాపుల అడిగితే, గా డిస్కు ఇప్పుడెక్కడిది అని నవ్విండ్రు. ఇంక గీతలు పడకముందే కాపీ తీస్కుంటే తప్పా? మీది సినిమా పత్రిక, గేముల గురించి అడిగినందుకు తిట్టకు."

తిట్టను తమ్ముడూ. నువ్వడిగింది అచ్చంగా సినిమా ప్రశ్నే. ఎలాగో చెబుతా విను.

ముందు నీ డిస్కు సంగతి. 'హనుమాన్: బాయ్ వారియర్' 2009లో వచ్చింది. తయారుచేసింది ఎక్కడో జపాన్‌లోనో అమెరికాలోనో కాదు, మన హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్. పూర్తిగా మన దేశంలోనే తయారైన తొలి కన్సోల్ గేమ్ అని అప్పట్లో గొప్పగా చెప్పుకున్నారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆట గొప్పగా వుందని విమర్శకులెవరూ మెచ్చుకోలేదు. దేవుణ్ణి బొత్తాలతో ఆడించడమేమిటని అమెరికాలో వొక హిందూ సంస్థ అభ్యంతరం కూడా లేవదీసింది. అయితేనేం? మొదటిది మొదటిదే! ఆ రోజుల్లోనే హైదరాబాద్‌లోని గేమ్‌శాస్త్ర వాళ్లు కబడ్డీ, గిల్లీదండాలాంటి మన ఆటలతో 'దేశీ అడ్డా' తీశారు. తర్వాత 2013 మొదట్లో సోనీ పీఎస్2 తయారీనే ఆపేసింది. 2000లో పుట్టిన పెట్టె పదమూడేళ్లు ఆడి విశ్రాంతి తీసుకుంది. ఇక కొత్త డిస్కు అచ్చయ్యే ఆశ ఎక్కడిది?

ఇప్పుడు మన సినిమా కథకొద్దాం. తెలుగులో తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో విడుదలైంది. దాన్ని ఇవాళ చూపించమనండి చూద్దాం! ప్రింటు లేదు. అప్పట్లో ఆట అయిపోయాక ఆ రీళ్లను దాచాలని తోచినవాడు లేడు. నాటి ఫిలిం అగ్గిపుల్లలాంటిది, ఇట్టే అంటుకునేది. అంటుకోకుండా మిగిలినవాటిని అందులోని వెండి కోసం కరిగించినవాళ్లూ వున్నారు. మీ తాతల్ని అడగండి, టూరింగ్ టాకీసు గుడారం వెనక ఏరుకున్న ఫిలిం ముక్కల్ని ఎండకు పెట్టి చూసినవాళ్లే అందరూ. పుణెలో నేషనల్ ఫిలిం ఆర్కైవ్ పెట్టింది 1964లో. అప్పటికే ఎన్నో వెళ్లిపోయాయి. అదే 1957 నాటి 'మాయాబజార్' చూడండి. నలుపు తెలుపు బొమ్మ చేతిలో మిగిలి వుంది కాబట్టే 2010లో రంగులద్దుకుని మళ్లీ హాళ్లకొచ్చింది. ఘటోత్కచుడు రంగుల్లో లడ్డూలు మింగుతుంటే మా పక్క సీట్లోని కుర్రాడు ఈలేశాడు!

గేముల గతీ ఇంతే. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అని వొక సంస్థ వుంది. వాళ్లు 2023లో లెక్కగట్టి, అక్కడ విడుదలైన పాత గేముల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకవని తేల్చారు. పోనీ లైబ్రరీలు వాటి కాపీల్ని పరిశోధకులకు ఇంటి నుంచే చూపిస్తామంటే, 2024లో అక్కడి కాపీరైట్ ఆఫీసు ఒప్పుకోలేదు. కంపెనీల భయం కంపెనీలది: ఆ వంకతో జనం వూరికే ఆడుకుంటారని. ఆ భయం పూర్తిగా అబద్ధమనీ అనలేం. కానీ దుకాణంలోనూ దొరక్క, లైబ్రరీలోనూ దొరక్క పోతే ఇక మిగిలేది ఎవరింట్లో? ఆలంపూర్‌లో మీ ఇంట్లో!

అన్నట్టు, నీకు ఆలంపూర్ గురించి నేను చెప్పాలా! బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు చూడ్డానికొచ్చినవాళ్లు, వూరి బయట సంగమేశ్వరాలయం కూడా చూస్తారు. అది అక్కడ పుట్టిన గుడి కాదు. తుంగభద్ర కృష్ణలో కలిసే కూడవెల్లి దగ్గర వుండేది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని తెలిసి, రాళ్లు విడదీసి, అంకెలు వేసి, మోసుకొచ్చి మీ వూళ్లో మళ్లీ పేర్చారు. నీళ్లు వచ్చాక మోసుకురాగలిగేవాళ్లా? బ్యాకప్ అంటే అదే తమ్ముడూ. డిస్కు చదవగలిగినప్పుడే దాన్ని రాయి రాయీ విప్పి పక్కన పెట్టుకోవాలి. నీ డిస్కు రెండో లెవెల్ దగ్గర మునగడం మొదలుపెట్టింది.

ఇక తప్పా ఒప్పా? మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని 52వ సెక్షన్‌లో వొక వెసులుబాటుంది. కంప్యూటర్ ప్రోగ్రాము కాపీ చట్టబద్ధంగా చేతిలో వున్నవాడు, అది పాడవుతుందేమోనని జాగ్రత్త కోసం, దాన్ని ఇచ్చిన పనికే వాడుకునేందుకు బ్యాకప్ తీసుకోవచ్చు. గేమ్ కూడా ప్రోగ్రామే కదా. మీ అన్న కొన్న అసలు డిస్కు, నీ చేతిలో వుంది, తీసుకో. నాలుగు కాపీలు కొట్టి స్నేహితులకు అమ్మావో, అది వేరే సినిమా, అందులో నువ్వు విలన్‌వి!

తీసే పద్ధతి కష్టం కాదు. పీఎస్2 డీవీడీ మామూలు కంప్యూటర్ డీవీడీ డ్రైవులో చదువుతుంది. ముందు మెత్తని గుడ్డతో నడిమి నుంచి అంచుకు తుడువు, గుండ్రంగా తిప్పి తుడవకు. డిస్కంతా వొకే ఫైలుగా, అంటే ఇమేజ్‌గా తీసుకో. గీతల దగ్గర డ్రైవు మొరాయిస్తే కంగారు పడకు. కన్సోల్ కంటి చూపు మందగించి కూడా ఆట ఆగుతుంది, అదే డిస్కును కంప్యూటర్ హాయిగా చదవొచ్చు. మరో డ్రైవులో కూడా ప్రయత్నించు. రెండుసార్లు తీసి, రెంటికీ హ్యాష్ అనే అంకె లెక్కగట్టించు. ఫైల్లో వొక్క చుక్క తేడా వున్నా ఆ అంకె మారిపోతుంది. రీడంప్ అనే అభిమానుల జాబితాలో చాలా డిస్కుల అంకెలుంటాయి. నీది అందులో వుండి, కలిస్తే భేష్! ఫైలును వొకచోటే పెట్టకు.

తీసినదాన్ని ఆడించేది ఎలా? ఎమ్యులేటర్ అని వుంది. నేరెళ్ల వేణుమాధవ్ గారు స్టేజి మీద వొక్క గొంతుతో అందరు నటుల్నీ పలికించేవారు కదా, ఇదీ అంతే. నీ కంప్యూటర్ పీఎస్2 గొంతుతో మాట్లాడుతుంది, పాపం ఆ గేమ్ నిజమనుకుని ఆడుతుంది! పీసీఎస్ఎక్స్2 అనేది 2002 నుంచీ వున్న ఎమ్యులేటర్. దానికి బయోస్ కావాలి, అది నీ కన్సోల్ నుంచే తీసుకోవాలి, నెట్‌లో దొరికింది కాదు. అసలు పెట్టెలోనే ఆడాలనుకుంటే పెన్ డ్రైవు నుంచి ఆడించే ప్రోగ్రాములూ వున్నాయిగానీ, ఆ పెట్టె యూఎస్‌బీ బాగా నెమ్మది. బొమ్మ నడిచే చోట నత్తి పడుతుంది.

క్యాసెట్ల వాళ్లు కూడా వింటున్నారా? మన ఇళ్లలో మారియో, కాంట్రా ఆడిన పెట్టెలు చాలావరకు జపాన్‌లో 1983లో వచ్చిన ఫ్యామికామ్‌కు డూపులు. ఆ చవక క్యాసెట్లు విప్పితే నల్లటి లక్క చుక్క కనిపిస్తుంది, చిప్పు దాని కింద. పోతే బాగుచేసే దారి లేదు. ఆడకపోతే ఉఫ్ ఉఫ్ మని వూదేవాళ్లం, ఆ తడికి పిన్నులు ఇంకా తుప్పు పట్టేవి. దూదికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవండి చాలు. అసలు మారియో మొత్తం బరువు 40 కిలోబైట్లే తెలుసా, మీ ఫోన్లోని వొక్క ఫోటో అంత కూడా కాదు. కానీ 9999 గేముల క్యాసెట్‌కు బ్యాకప్ హక్కు కావాలని నాకు మాత్రం రాయకండి. చట్టబద్ధంగా చేతిలో వున్నవాడు అన్న మాటకు ఆ క్యాసెట్టే పెద్ద జోకు!

తమ్ముడూ, నీ వుత్తరం చివర్న చిన్న అక్షరాలతో రాసిన మాట కూడా చదివాను. ఆ మెమరీ కార్డులో మీ అన్న సేవ్ చేసిన ఆటలున్నాయనీ, అతని పేరు తెర మీద కనిపిస్తుందనీ. డిస్కుకు ఇంకో డిస్కు ఏ పాత సామాన్ల కొట్లోనో దొరికినా దొరకొచ్చు. ఆ 8 ఎంబీ కార్డుకు ఇంకొకటి లేదు. సేవ్‌లను పెన్ డ్రైవులోకి తీసే ప్రోగ్రాము పీఎస్2లోనే నడుస్తుంది. డిస్కు పని తర్వాత, ముందు ఆ పని చెయ్యి. మీ అన్నకు ఫోన్ చేసి ఏ గేమ్‌లో ఎంతవరకు వెళ్లాడో కూడా అడిగి రాసుకో. మూడో లెవెల్ చూశాక నాకో కార్డు ముక్క రాయి.