ఇంటి పెద్దల కనుచూపు

తమిళనాట మధురలోను, దాని చుట్టుపట్ల గ్రామములలోను తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో తెలుగు అక్షరము చదువగలవారు పలుచోట్ల అవ్వయో తాతయో మాత్రమే. పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు గాని, బడిలో చదువునది తమిళము, ఇంగ్లీషు. అట్టి పెద్దల చూపు మందగించినపుడు, “వయసు మీరినది, ఇంకేమి చూడవలసియున్నది?” అని వారును, ఇంటివారును ఊరకుండుట పరిపాటియైనది. ఇది తగదు. వారి చూపుతోపాటు ఆ యింటి తెలుగు చదువును ఆరిపోవుచున్నది.

వైద్యము మనకు దూరమా యనిన, కాదు. డాక్టరు గోవిందప్ప వెంకటస్వామి గారు ప్రభుత్వోద్యోగము విరమించి, 1976లో ఈ మధురలోనే 11 పడకలతో అరవింద నేత్ర వైద్యశాలను నెలకొల్పిరి. కీళ్లవాతముచే వంకరబోయిన వ్రేళ్లతోనే వేలకొలది శస్త్రచికిత్సలు చేసిన మహనీయుడాయన. ఆ యేడే భారత ప్రభుత్వము జాతీయ అంధత్వ నివారణ పథకమును ప్రారంభించినది. 1992 నుండి ఆరోలాబ్ కంటిలో నమర్చు కటకములను ఇచ్చటనే తయారుచేయుటచే వాని వెల బాగుగ తగ్గినది. ఆ వైద్యశాలలో అనేకులకు ఉచితముగనో, స్వల్పవ్యయముతోనో చికిత్స జరుగుచున్నది.

అయినను వెళ్లవలసినవారు వెళ్లుట లేదు. దక్షిణ తమిళనాడు గ్రామములలో జరిపి 1999లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, కంటి బాధ గలవారిలో నేత్ర శిబిరమునకు పోయినవారు నూటికి ఏడుగురే. అంగడి తెఱచి, వెల తగ్గించినను బేరము రానట్లున్నది ఈ స్థితి! కన్ను పాడగునను భయము, ఇంటిపని యెవరు చూతురను ఆడువారి బెంగ, వెంట వచ్చు మనిషి లేకపోవుట, ఇవియే అడ్డుపడుచున్నవి.

వీనికి తోడు అపోహలు. శుక్లము ముదిరిన గాని తీయరాదనుట పాతమాట. చూపు తగ్గి నిత్యకృత్యములకు ఇబ్బంది కలిగినపుడే వైద్యుని సలహాపై తీయించుకొనవచ్చును. మసకబారిన కటకమును తీసి క్రొత్తది అమర్చుదురు. పెక్కుమంది ఆనాడో మరునాడో ఇల్లు చేరుచున్నారు. నీటికాసులు అట్లు కాదు. పలువురిలో అవి నొప్పి లేకయే కంటి నరమును చెఱచును. పోయిన చూపు మరల రాదు, ముందుగ కనుగొన్నచో మిగిలినది నిలుచును. చక్కెర జబ్బు గలవారికి కంటి వెనుక పొర చెడుచున్నను మొదట తెలియదు. కావున వారు చూపు బాగున్నను ఏటేట పరీక్ష చేయించుకొనవలెను. కంటిలో ఆకుపసరులు పిండుట ప్రమాదకరము.

మన వర్తక సోదరులకు ఒక మాట. చిట్టాపుస్తకమును చేయి చాచి దూరముగా పట్టి చదువువారు మనలో ఎందరో కలరు. అది చత్వారము, దానికి అద్దములు చాలును. కాని వీధిలో అమ్ము అద్దములు కొని తృప్తిపడినచో, లోపల దాగిన నీటికాసులు ఎవరికి తెలియును? ఉగాదికి క్రొత్త లెక్క తెఱచునట్లే, నలుబది దాటిన ప్రతివారును కండ్ల పరీక్షకు ఒక దినము కేటాయించుకొనవలెను. తలిదండ్రులకు నీటికాసులున్న యెడల మరింత జాగరూకత అవసరము.

మన సంఘ యువకులకు మేము చేయు సూచన యిది. ప్రతి వీధిలోను చూపు తగ్గిన పెద్దల జాబితా వ్రాయుడు. వెంట వచ్చువారు లేనివారిని మీరే తోడ్కొని పొండు. తమిళములో తమ బాధ చెప్పుటకు జంకు వృద్ధస్త్రీల ప్రక్కన నిలిచి వైద్యునికి విన్నవింపుడు. చికిత్సానంతరము చుక్కలమందు వేళకు వేయుచున్నారో లేదో విచారింపుడు. ఇందులకు ధనముకంటె తీరికయే ముఖ్యము.

చూపు మరలిన అవ్వచేత మనుమలకు అక్షరములు దిద్దించుడు. మన బాస ఈ నేలపై నిలుచుటకు అంతకంటె సులభోపాయము మాకు తోచుట లేదు.