జైసల్మేర్ వెళ్ళేది జీపు తోలడానికా?

మన సంఘం టూరులో జైసల్మేర్‌కు రెండు రోజులిచ్చి, రెండూ సమ్ ఇసుక దిబ్బల మీద జీపులకీ డీజేకీ రాసేశారు. జీపుకోసమైతే కాట్పాడిలో రైలెక్కడమెందుకు, పాలారులో ఇసుక ఇంకా కొంచెం మిగిలే ఉందిగా!

ఆ దిబ్బల దగ్గరే 3,162 చదరపు కిలోమీటర్ల ఎడారి జాతీయ వనం ఉంది. పట్టీలో దాని పేరే లేదు. బట్టమేక పిట్టకి మిగిలిన పెద్ద దిక్కు అదే. దానికోసం మనవాళ్ళు 1988లో రోళ్ళపాడులో అభయారణ్యం పెట్టారు. ఇప్పుడక్కడ పిట్ట కనబడటమే గగనం. నేలమీద మామూలుగా ఒక్క గుడ్డే పెడుతుంది, ఎగిరితే కరెంటు తీగలకి తగిలి చస్తోంది. దాని గడప ముందు మనం డీజే పెట్టాలా?

ఒక పూట సుదాసరికి, ఒక పూట చెట్లు రాళ్ళైపోయిన ఆకల్‌కి ఇవ్వండి. టిక్కెట్లు తీసేలోపే కమిటీ జవాబు చెప్పాలి.